బేరింగు బెంగ

గ్లెనిస్ ఫెనర్ ఉద్యోగం చాలించిన రోజున సిగ్నెట్ ఊరి హాల్లో టీ పార్టీ ఇచ్చారు. ఆపిల్ కేకు కోశాక ఎవరో అడిగారు, ఇకమీదట ఏం చేస్తావని. ముప్పయ్యేళ్లు హ్యూవన్ లోయలో బడి బస్సు నడిపిన మనిషి, ఏ గులాబీలో పెంచుకుంటాననో, ఏ ఓడో ఎక్కి నాలుగు దేశాలు తిరిగొస్తాననో అంటుందని అందరూ ఎదురుచూశారు.

"నా వెనక ఎవరూ కూర్చోడానికి చోటు లేని కారొకటి కొనుక్కుంటాను," అంది గ్లెనిస్.

హాలంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఆమె బతుకంతా వీపు వెనకే జరిగింది మరి. ఎవడు ఎవడి జుట్టు పీకాడో, ఎవరి బూటు కిటికీలోంచి ఎగిరిందో, ఏ పిల్లకు కడుపులో తిప్పుతోందో అద్దంలో చూడకుండానే పసిగట్టేది. లోయలో పిల్లలు ఆమె వీపుకు చెవులున్నాయని నమ్మేవాళ్లు. ఆ పిల్లలు పెద్దవాళ్లయి, వాళ్ల పిల్లలు కూడా అదే బస్సెక్కి అదే మాట నమ్మారు.

అన్నట్టుగానే లాన్సెస్టన్ వెళ్లి ఒక పశువుల డాక్టరు అమ్ముతున్న ఎర్ర కారు తెచ్చుకుంది. జర్మనీలో తయారైన స్పోర్ట్స్ కారు. వయసు ఇరవై దాటినా ఒంటి మీద గీత లేదు. రెండే సీట్లు. మీట నొక్కితే పైనున్న గుడ్డ టాపు వెనక్కి ముడుచుకుంటుంది. ఇంజను ముందు కాదు, సీట్ల వెనకే ఉంటుంది.

"వెనక ఎవరూ ఉండకూడదన్నావుగా," అన్నాడు ఆమె మొగుడు రెక్స్.

"ఇంజను అల్లరి చెయ్యదులే."

రెక్స్ రంపపు మిల్లులో పనిచేసి దిగిపోయినవాడు. ట్రౌట్ చేపలు పట్టడం అతని మతం. చెక్కతో వేలెడంత చేప బొమ్మలు చెక్కి, రంగు పూసి, మెరుపు అద్దుతాడు. అసలు ట్రౌట్ వాటిని నిజం చేపలనుకుని కరుస్తుందని అతని నమ్మకం. కార్ల గురించి అతనికి తెలిసిందల్లా తలుపు ఏ వైపు తెరుచుకుంటుందన్నదే.

కొత్త కారులో మొదటి రోజే ఫ్రాంక్లిన్ దగ్గర పెట్రోలు పోయించుకోడానికి ఆగింది గ్లెనిస్. పక్క పంపు దగ్గర, కుక్కను తన బండి వెనకెక్కించుకున్న పెద్దాయన ఒకడు కారు చుట్టూ తిరిగి చూసి ఈల వేశాడు.

"బండి భలే ఉందమ్మా."

"థాంక్సండీ."

"బేరింగు మార్పించారా?"

"ఏ బేరింగు?"

డాక్టరు ఇంకా అసలు సంగతి చెప్పని రోగిని చూసినట్టు చూశాడాయన. "అబ్బే, ఏం లేదులెండి. హాయిగా తిరగండి," అని కుక్కను ఒకసారి నిమిరి చక్కా పోయాడు.

గ్లెనిస్ అక్కడితో మరిచిపోయేదే. కానీ ఆ వారంలోనే మాంసం కొట్టువాడు సాసేజీలు తూస్తూ అదే అడిగాడు. చర్చి ముందు పాస్టరు అడిగాడు. పళ్ల డాక్టరైతే ఆమె నోట్లో రెండు పనిముట్లూ ఒక వేలూ పెట్టాక అడిగాడు. ఆమె "ఆ ఆ" అంది. అది అవునో కాదో ఆయనకు అర్థం కాలేదు. ఆమె నోరు పుక్కిలించాక ఆయనే చెప్పాడు, అలాంటి కార్లున్నవాళ్లు నెలకో ఆదివారం రిచ్‌మండ్ బేకరీ ముందు కలుస్తారని, బెవన్ టలక్ గారిని అడిగితే అన్నీ చెప్తారని.

బెవన్ టలక్ ఆ క్లబ్బుకు పెద్ద. ఒకప్పుడు హోబర్ట్‌లో జాగ్రఫీ మాస్టారు. సన్నగా, పొడుగ్గా, కాలరు గుండీ పెట్టుకుని, ఏ మాట చెప్పినా వెనక నల్లబల్ల ఉన్నట్టే చెప్తాడు. గ్లెనిస్ అడగ్గానే సాసు సీసా మూత తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరడిగే బేరింగు ఇంతకంటే కాస్త పెద్దదమ్మా, అంతే. ఇంజను పొట్టలో ఒక ఇరుసు తిరుగుతుంటుంది. దాని చివర ఇది. లోపల ఉక్కు గోళీలు. గేర్‌బాక్సు దించితే గానీ కంటికి కనబడదు. ముందుగా చప్పుడు చెయ్యదు, పొగ రాదు, ఎర్ర దీపం వెలగదు. మంచి రోజు చూసుకుని ఒక గోళీ పగులుతుంది. అంతే, ఇంజను..." అంటూ ఎదురుగా ఉన్న, సముద్రపు గుల్లల కూర పెట్టి కాల్చిన ‘స్కాలప్ పై’ మీద పిడికిలి దించాడు. లోపలి కూర చింది గ్లెనిస్ కోటు మీద పడింది.

ఆమె కోటు తుడుచుకుంటూ, "అన్ని కార్లకూ ఇలా అవుతుందా?" అంది.

"లేదు లేదు. వందకు ఏ ఒకటో రెండో."

"అంటే మిగతావన్నీ బాగానే ఉంటాయన్నమాట."

"నిక్షేపంలా ఉంటాయి."

"మరి ఎందుకండీ ఇంత బెంగ?"

"ఆ ఒకటి మీది కాదని ఎవరు చెప్పారు?" అన్నాడు బెవన్, ఎంతో దయగా.

ఆ మాటకు బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. చూడగా చూడగా గ్లెనిస్‌కు తెలిసిందేమిటంటే క్లబ్బులో రెండు తెగలున్నాయి. పాత బేరింగుతోనే తిరుగుతున్నవాళ్లు ఒక తెగ. వాళ్లకు అది ఎప్పుడు పోతుందోనని దిగులు. తీయించి కొత్తది వేయించుకున్నవాళ్లు రెండో తెగ. వాళ్లకు ఆ కొత్తది పాతదానంత మంచిదో కాదోనని దిగులు. ఈ రెండు తెగల్లోనూ చేరనివాడు బెవన్ ఒక్కడే. ఆయన తన వెండి రంగు కారును ఇంటి నుంచి బేకరీకి, బేకరీ నుంచి ఇంటికి తప్ప తిప్పడు. తిప్పకపోతే అరగదు కదా అని ఆయన లెక్క. తిప్పకపోతేనే త్వరగా పోతుందని రెండో తెగవాళ్ల వాదన. ఆ వాదన తెగేలోపు పైలు చల్లారిపోయేవి.

ఆ ఆదివారం ఇంటికి వస్తున్నంతసేపూ గ్లెనిస్ రేడియో పెట్టలేదు. మళ్లీ వీపుకు చెవులు మొలిచాయి. ముప్పయ్యేళ్లు వెనక కూర్చున్న నలభై మందిని విన్న ఆ చెవులకు ఇప్పుడు ఒక్క ఇంజనే దొరికింది. ఎక్కడో టిక్కుమంటుంది. ఆగి వింటే మాయమవుతుంది. కదిలితే మళ్లీ టిక్కు.

ఓ రోజు రెక్స్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కొండ దారి పట్టింది. "విను. మలుపు తిరిగినప్పుడల్లా వస్తోంది. టక టక టక. వినబడిందా?"

"వినబడింది."

"బేరింగే. నా ప్రాణం చెప్తోంది."

రెక్స్ చొక్కా జేబులోంచి పిప్పరమెంట్ల డబ్బా తీశాడు. ఊపాడు. టక టక టక.

"ఇది మార్పించమంటావా?" అన్నాడు.

నవ్వింది గానీ నవ్వు కడుపులోకి దిగలేదు. బజారుకు వెళ్లాలంటే పాత స్టేషన్‌వ్యాగనే తీస్తోంది. ఎర్ర కారు షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుంది. బెవన్ ఫోన్ చేసి ఊరట చెప్పాడు. "ఇంత మథన పడేకన్నా ఆయిల్ మార్పించి, పాత ఫిల్టరు కోసి చూసుకోండమ్మా. లోపల లోహం రజను కనబడకపోతే మరో ఆర్నెల్లు బతికినట్టే."

హ్యూవన్‌విల్‌లో మెకానిక్ డారల్ పైబస్ ఆయిల్ మార్చి, పాత ఫిల్టరు ప్లాస్టిక్ సంచిలో కట్టిచ్చాడు. చిన్నప్పుడు బస్సులో ఆమె వెనక సీట్లోనే కూర్చున్నవాడు కాబట్టి ఆమెను ఇప్పటికీ బడి పిల్లాడిలా మిసెస్ ఎఫ్ అనే పిలుస్తాడు.

"ఇంట్లో చూసుకుంటారా, నన్నే చూడమంటారా మిసెస్ ఎఫ్?"

"నా గుండె నేనే చూసుకుంటాలే," అంది.

రెక్స్ చేపలకని గ్రేట్ లేక్ వెళ్లాడు. ఇంట్లో ఒక్కతే ఉంది. రేకు కత్తెరతో ఫిల్టరు కోసి, లోపలి కాగితం మడతలు లాగి, అరలో చేతికందిన పెద్ద ట్రేలో పరిచి, కిటికీ దగ్గర ఎండలో పెట్టింది. నల్లటి నూనె నెమ్మదిగా పాకింది. ఆ నలుపులో చుక్కలు మెరిశాయి. ఒకటి కాదు, రెండు కాదు. వేసవి రాత్రి ఆకాశంలా ఉంది ట్రే. అన్నీ బంగారు రంగు.

గ్లెనిస్ కుర్చీ లాక్కుని కూలబడింది.

ఫోన్ చేస్తే బెవన్ వేరే బండిలో గంటలో వచ్చాడు. దారానికి కట్టిన చిన్న అయస్కాంతం నూనె మీద అటూ ఇటూ తిప్పాడు. ఒక్క చుక్కా అంటుకోలేదు.

"అంటుకోలేదుగా. అంటే ఉక్కు కాదు. మంచిదేగా?" అంది గ్లెనిస్ ఆశగా.

"అంతకంటే చెడ్డదమ్మా. ఇత్తడి. గోళీలను పట్టి ఉంచే పంజరమే అరిగిపోతోంది." బెవన్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "ఇక స్టార్ట్ కూడా చెయ్యకండి."

కబురు క్లబ్బంతా పాకింది. మర్నాటికి ఇంటి ముందు పరామర్శలు మొదలయ్యాయి. ఈ లోయలో ఎవరికి కష్టమొచ్చినా ట్యూనా చేప, చీజు వేసి కాల్చిన పాస్తా గిన్నె పట్టుకొస్తారు. అలాంటి గిన్నెలు మూడొచ్చాయి. ఒకావిడ గ్లెనిస్ చెయ్యి పట్టుకుని, "కనీసం బాధ పడకుండా పోయింది," అంది. తిరిగొచ్చిన రెక్స్ ఏమీ అడక్కుండా మొదటి గిన్నె ముందు కూర్చున్నాడు. పెళ్లాం ముఖం చూసి ఎవరో దగ్గరివాళ్లే పోయారనుకున్నాడట. పేరు అడిగితే తనకు గుర్తులేదని తెలిసిపోతుందని ఊరుకున్నాడట.

చెడిన బండ్లను మోసుకెళ్లే లారీ వచ్చి ఎర్ర కారును వీపున వేసుకుని డారల్ దగ్గరికి తీసుకుపోయింది. గ్లెనిస్ గేటు దాకా వెళ్లి చెయ్యి ఊపి వచ్చింది. వచ్చేసరికి రెక్స్ వంటింట్లో అరలన్నీ లాగి పారేస్తున్నాడు.

"నా ట్రే ఏదీ?"

"ఏ ట్రే?"

"చేపలకు పూత పూసే ట్రే. నల్లది, మూల సొట్ట పోయింది."

"అది మాంసం వేయించే ట్రే, రెక్స్."

"ఆదివారాలు మాంసానిది. మిగతా రోజులు నాది."

గ్లెనిస్, గోల చేసిన పిల్లాడిని అద్దంలోంచి పలకరించే గొంతుతో నెమ్మదిగా అడిగింది. "ఆ ట్రేలో ఏం పూస్తావు?"

"ఏముంది, బొమ్మకు జిగురు రాసి మెరుపు పొడి చల్లుతాను. బ్రౌన్ ట్రౌట్‌కైతే బంగారు రంగు పొడి, రెయిన్‌బో ట్రౌట్‌కైతే వెండి రంగుది. మిగిలింది ట్రేలో రాలుతుంది. ఈ మధ్యంతా బ్రౌన్ ట్రౌటేగా."

"కడుగుతావా దాన్ని?"

"కడక్కేం. పేపరుతో తుడుస్తాను."

"ఎన్నేళ్లుగా?"

రెక్స్‌కు అప్పుడు గాలి మారినట్టు తోచింది. "మనకేం కాలేదుగా ఇన్నాళ్లూ," అన్నాడు చిన్నగా.

గ్లెనిస్‌కు నవ్వాలో, ఆ ట్రే తీసి నెత్తిన కొట్టాలో తెలియలేదు. ముందు ఫోన్ తీసింది. "డారల్, ఆగు. ఏమీ విప్పకు."

"అయ్యో, విప్పేశాను మిసెస్ ఎఫ్. గేర్‌బాక్సు కింద పడుకోబెట్టాను. రండి, మీ బేరింగుగారి దర్శనం చేసుకుందురు గానీ."

వెళ్లింది. కారు పైకెత్తి ఉంది. డారల్ దీపం పట్టుకుని కింద నుంచి చూపించాడు. ఇంతకాలం నిద్ర పాడు చేసిన ఆ పెద్దమనిషి నూనె తడితో, గుండ్రంగా, అమాయకంగా కనబడ్డాడు. డారల్ వేలితో కదిపి చూశాడు. ఊగలేదు, గరగర లేదు.

"దీనికేం రోగం లేదు. మీకంటే, నాకంటే గట్టిగా ఉంది. ఎలాగూ విప్పాం కదా, కొత్తది వేసెయ్యమంటారా? అందరూ వేయించుకుంటారు."

"కొత్తది వేస్తే బెంగ తీరుతుందా?"

డారల్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆలోచించాడు. వ్యాపారం చూసుకుంటే ఒక జవాబుంది. చిన్నప్పుడు ఆమె బస్సెక్కినవాడు ఆమెకు అబద్ధం చెప్పలేడు. "అబ్బే. కొత్తది వేయించుకున్నవాళ్లే నాకు ఎక్కువ ఫోన్లు చేస్తారు."

గ్లెనిస్ ఆ బేరింగును మరోసారి చూసింది. "అయితే మూసెయ్ డారల్. ఒంట్లో బాగున్న పిల్లను నేనెప్పుడూ బస్సు దింపలేదు."

ఆ నెల బేకరీ దగ్గర ఈ సంగతి చెప్పేసరికి ట్రే కథకు అందరూ పగలబడి నవ్వారు గానీ, చివరి మాటకు నవ్వులు ఆగిపోయాయి.

"చూశారు. చేత్తో తాకారు. మళ్లీ లోపలే పెట్టి మూసేశారా?" అన్నాడు బెవన్. బుట్టలో పామును చూసి మూత పెట్టి తలకింద పెట్టుకుందన్నట్టు ఉంది ఆయన చూపు.

"మూసేశాను. బెవన్ గారూ, ఒకటి అడుగుతాను. బస్సులో ఎన్ని బేరింగులుండేవో నాకు తెలియదు. పేరు తెలియదు కాబట్టి దేనికీ భయపడలేదు. ముప్పయ్యేళ్లు తోలాను. మీరు ఈ కారు దేనికి కొన్నారు?"

బెవన్ కాలరు గుండీ సవరించుకున్నాడు. "క్వీన్స్‌టౌన్ ఘాట్ రోడ్డు కోసం," అన్నాడు. "ఆ కొండలు నల్లబల్ల మీద వందల సార్లు గీశాను. మంచి కారులో ఆ మలుపులు దిగాలని..."

"దిగారా?"

"బేకరీ దాకా వచ్చాను."

గ్లెనిస్ లేచి నిలబడింది. "వచ్చే శనివారం అందరం వెళ్తున్నాం," అంది. బెవన్ వాన అన్నాడు, దూరం అన్నాడు, నూనె ఒత్తిడి అన్నాడు. అప్పుడామె లోయంతా ఎరిగిన ఆ బస్సు గొంతు తీసింది. "బెవన్. పొద్దున్నే వచ్చి బండెక్కు. బెల్టు పెట్టుకో. దారిలో ఏడుపులు వినబడకూడదు." జాగ్రఫీ మాస్టారు, డెబ్బై దాటినవాడు, "సరే" అన్నాడు.

ఫిబ్రవరి ఎండలో అయిదు కార్లు బయల్దేరాయి. ముందు గ్లెనిస్, పక్కన రెక్స్, పాదాల దగ్గర చేపల కర్రలు. వెనక బెవన్ వెండి కారు, పెళ్లికూతురు మెట్లు దిగినట్టు. డెర్వెంట్ బ్రిడ్జి దగ్గర ఆగి చిప్స్ తిన్నారు. అప్పటికి బెవన్ ముఖం కాస్త విచ్చుకుంది. "మూడో గేరులో బాగా లాగుతోంది," అని కూడా అన్నాడు.

బోడి కొండలు మొదలై, ఘాట్ దిగడానికి కాస్త ముందు, గ్లెనిస్ అద్దంలో చూసేసరికి వెండి కారు లేదు. వెనక్కి తిప్పింది. రోడ్డు పక్కన అది ఆవిర్లు కక్కుతోంది. మిగతావాళ్లు దిగి, టోపీలు చేతుల్లో పట్టుకుని, చుట్టూ మౌనంగా నిలబడ్డారు. బెవన్ రాయి మీద కూర్చున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు. "ఇంట్లో ఉన్నంతకాలం బాగానే ఉంది పాపం."

గ్లెనిస్ మోకాళ్ల మీద వంగి కారు కిందికి చూసింది. ఏదో ధారగా కారుతోంది. వేలితో తాకి వాసన చూసింది. తియ్యటి వాసన.

"ఇది నూనె కాదు బెవన్, ఇంజనును చల్లబరిచే మందు నీళ్లు."

"నీళ్లా?" బెవన్ తలెత్తాడు.

ఒకే ఒక్క గీత సిగ్నల్ దొరికితే డారల్‌కు ఫోన్ కలిపింది. ఆగేముందు కీచుమని ఏమైనా అరిచిందా అని డారల్ అడిగాడు. పొద్దున న్యూ నార్ఫోక్ దాటినప్పటి నుంచీ పిల్ల కుందేలులా అరుస్తూనే ఉందని, అందరి కార్లూ అలాగే అరుస్తాయనుకున్నానని బెవన్ ఒప్పుకున్నాడు.

"వాటర్ పంపు పోయిందట," అంది గ్లెనిస్ ఫోన్ చెవిన పెట్టుకుని. "అందులో బేరింగు అరిగి..."

బెవన్ ముఖం మళ్లీ పాలిపోయింది.

"పంపు బేరింగు, బెవన్. నీళ్ల పంపుది. ఆ బేరింగు కాదు."

"ఆ బేరింగు కాదా?"

"కాదు."

"ఇంకోసారి అడగండి."

అడిగింది. కాదన్నాడు డారల్. బెవన్ రాయి మీంచి లేచాడు. కొడుకు పుట్టినవాడిలా అందరి దగ్గరికీ వెళ్లి చేతులు కలిపాడు. "వాటర్ పంపు," అని ఒక్కొక్కరికీ వేరేగా చెప్పాడు. వాళ్లూ అంతే సంబరంగా "అదృష్టవంతుడివి బెవన్" అన్నారు. ఒకాయనైతే తనకూ పంపే పోతే బాగుండునన్నట్టు తన కారు వంక చూసుకున్నాడు. ఆవిర్లు కక్కుతున్న బండిని పక్కన పెట్టుకుని అంత పండగ చేసుకున్న జనాన్ని రెక్స్ ఎక్కడా చూడలేదు. క్వీన్స్‌టౌన్ నుంచి బండ్లు మోసే లారీ వచ్చాక దాని డ్రైవరు పక్కన చేపల కర్రలతో రెక్సే ఎక్కాడు. "మా ఆవిడ పక్క సీటు నువ్వు తీసుకో బెవన్. ఇతను ఇక్కడివాడే, చేపలెక్కడ పడతాయో చెప్తాడు," అన్నాడు.

ఘాట్ మొదట్లో సన్నని జల్లు పట్టుకుంది.

"టాపు వెయ్యనా?" అంది గ్లెనిస్.

"ఎందుకూ?" అన్నాడు బెవన్. అప్పటికే ఆయన కాలరు గుండీ ఊడదీశాడు.

ఆమె ఘాట్ దిగింది. బస్సులో దిగినట్టు కాదు. వీపు వెనక ఇంజను పాడుతుంటే, మలుపు మీద మలుపు తోసుకొస్తుంటే, ఎరుపూ బూడిద రంగూ కలిసిన కొండలు ఒకసారి కుడి భుజం మీదికీ ఒకసారి ఎడమ భుజం మీదికీ వాలుతుంటే దిగింది. ఇంజనును వింది గానీ, తప్పులు పట్టడానికి కాదు. పక్కన బెవన్ నోరు తెరిచి వాన తాగుతున్నాడు. ఏ మలుపు దగ్గరో ఆయన గొంతులోంచి సన్నటి కేక బయల్దేరింది. భయమా అని ఆమె ఇటు చూసింది. కాదు.

క్వీన్స్‌టౌన్‌లో హోటల్ ముందు మిగతావాళ్లు టీలు చెప్పి కూర్చున్నారు. లారీ దిగిన రెక్స్ రెండు కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎర్ర కారు వచ్చి ఆగింది. గ్లెనిస్ కాలు బయట పెట్టింది. బెవన్ కదల్లేదు.

"ఏమైంది? బెల్టు ఇరుక్కుందా?"

"లేదు. కింది నుంచి పైకి వెళ్తే ఎలా ఉంటుందో..." అన్నాడు బెవన్, ఇంకో ఐస్‌క్రీమ్ అడగడానికి మొహమాటపడే పిల్లాడిలా.

గ్లెనిస్ కాలు లోపలికి తీసుకుంది. రెక్స్ చూస్తుండగానే కారు వెనక్కి తిరిగి కొండెక్కేసింది. టీ చల్లారకుండా కప్పుల మీద సాసర్లు బోర్లించాడతను. కాసేపటికి కారు దిగొచ్చింది. రెక్స్ సాసర్లు తీసేలోపు మళ్లీ ఎక్కేసింది. అప్పుడిక రెండు కప్పులూ అతనే తాగేసి, చేపల కర్రలు భుజాన వేసుకుని, లారీ డ్రైవరు చెప్పిన ఏటి గట్టుకు నడిచాడు.